లారీ నంబర్ దొరకలేదు, క్లెయిమ్ మాత్రం వచ్చింది: ఆరేళ్ల కారు పాలసీ అనుభవం

మా కారుకు ఆరేళ్లపాటు ఒకే కంపెనీ కాంప్రిహెన్సివ్ పాలసీ, అంటే మన బండి నష్టానికీ ఎదుటివాళ్ల నష్టానికీ వర్తించే ఇన్సూరెన్స్. ఐదేళ్లపాటు ప్రీమియం కట్టడం తప్ప దానితో పని పడలేదు. ఆరో ఏడు ఒక్క యాక్సిడెంట్‌తో ఆ పాలసీ ఏమిటో తెలిసింది.

ఒంగోలు నుంచి నెల్లూరు వస్తున్నాం. రాత్రి ఎనిమిది దాటింది. కావలి దాటాక వెనక నుంచి ఒక లారీ కుడి మూలను గుద్ది, ఆపకుండా వెళ్లిపోయింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు, అదే పదివేలు. వెనక అద్దం పగిలింది, డిక్కీ లోపలికి నొక్కుకుపోయింది. టీ కొట్టు నుంచి పరుగెత్తుకొచ్చినాయన "నంబర్ చూసినావా అన్నా?" అన్నాడు. చూడలేదు. నంబర్ లేకపోతే ఇన్సూరెన్స్ రాదని అక్కడ చేరినవాళ్లంతా అన్నారు. నేనూ అదే నమ్మి రాత్రంతా టెన్షన్ పడ్డాను.

అది నిజం కాదు. మన బండి రిపేరుకు డబ్బిచ్చేది మన పాలసీలోని ఓన్ డ్యామేజ్ భాగం. గుద్దింది ఎవరో తేలకపోయినా అది పనిచేస్తుంది. ఎదుటివాళ్ల నష్టానికే పనికొచ్చే థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే మాత్రం రూపాయి రాదు.

ఆ రాత్రి హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేస్తే హైవే పెట్రోలింగ్ వాళ్లు కారును పక్కకు తీయించారు. కారు కదిలించకముందే నాలుగు వైపులా ఫొటోలు తీశాను. పోలీసులకు రాసిచ్చి, రసీదు తీసుకున్నాను. కంపెనీకి అప్పుడే ఫోన్‌లో చెప్పాను. ఈ పాలసీలో నాకు బాగా కోపం తెప్పించింది రోడ్‌సైడ్ అసిస్టెన్స్. గంటలో వస్తామన్నవాళ్లు మూడు గంటలైనా రాలేదు. పిల్లను పెట్టుకుని చీకట్లో రోడ్డు పక్కన నిలబడ్డాం. చివరికి ప్రైవేటు టోయింగ్ బండికి 4,500 ఇచ్చాం. అందులో వెనక్కి వచ్చింది 1,500.

మర్నాడు ఏజెంట్ ఒక సలహా ఇచ్చాడు: "హిట్ అండ్ రన్ అంటే లేటవుద్ది సార్, రివర్స్‌లో గోడకు తగిలిందని రాసేయండి." ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడం ఎంత మంచిదైందో నష్టం అంచనా వేసే సర్వేయర్ వచ్చాక అర్థమైంది. బంపర్‌కు అంటిన లారీ నీలం పెయింటు, సొట్ట ఎత్తు, నేను రాసిచ్చిన టైము అన్నీ సరిచూశాడు. గోడ అని రాసి ఉంటే అబద్ధం అక్కడే బయటపడేది, క్లెయిమ్ పోయేది. ఫారంలో ఎదుటి బండి నంబర్ గడిలో "తెలియదు" అని రాశాను. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఇక డబ్బు. బిల్లు 74,000. వచ్చింది 53,650. ఐదేళ్లు దాటిన బండి కాబట్టి రేకు భాగాల మీద 40 శాతం, బంపర్, లైట్ల లాంటి ప్లాస్టిక్ మీద సగం తరుగుదల కింద కోశారు. పెయింటు సామాను ఖర్చులోనూ సగం పోయింది. అద్దానికి, కూలికి కోత లేదు. ఆపైన తప్పనిసరి కోత, మా కారుకు 1,000. అంతకుముందు సంవత్సరం రెండు వేలు మిగులుతాయని జీరో డిప్రిసియేషన్ (తరుగుదల కోయకుండా ఇచ్చే అదనపు కవర్) తీసేయించాను. అది ఉండుంటే తరుగుదల పేరుతో పోయిన 19,350 మిగిలేవి. దీన్ని తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయని ఏళ్లకు ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుంది. మాకు 50 శాతం ఉండేది, సున్నా అయింది. ఓన్ డ్యామేజ్ ప్రీమియం 9,000 అనుకుంటే, మళ్లీ 50కి చేరేలోపు మొత్తం 11,000 పైన అదనంగా కట్టాలి. అందుకే నాలుగైదు వేల గీతలకు క్లెయిమ్ చేయకండి, చేతి నుంచి పెట్టుకోండి.

మనుషులకు గాయాలైతే దారి వేరు. బండి ఎవరిదో తెలియకపోయినా ప్రభుత్వ పథకం ఉంది: 2022 ఏప్రిల్ 1 నుంచి మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000. మా వీధిలోనే చాలామందికి ఈ సంగతి తెలియదు.

రెన్యువల్ మొన్ననే అయింది. ఈ వయసు బండికి జీరో డిప్రిసియేషన్ ఇవ్వలేమన్నారు పాత కంపెనీవాళ్లు. అందుకే ఇస్తానన్న ఇంకో కంపెనీకి మారాను.