స్టాఫ్ నొటేషనా, స్వరలిపా: ఏది మేలు?

చెన్నైలో పెరుగుతున్న తెలుగు పిల్లల్లో కొందరు పాటకో వయొలిన్‌కో వెళ్తారు, కొందరు కీబోర్డుకు వెళ్తారు. మొదటివారి పుస్తకంలో స రి గ మలు ఉంటాయి, అది స్వరలిపి; రెండోవారి పుస్తకంలో ఐదు గీతలూ వాటి మీద నల్లని గుర్తులూ ఉంటాయి, అది స్టాఫ్ నొటేషన్. రెండూ నాదానికి లిపులే అయినా, చెప్పే విషయాలు వేరు.

స్టాఫ్ నొటేషన్‌లో గుర్తు ఏ గీత మీదుందో చూస్తే స్వరం, దాని ఆకారం చూస్తే కాలప్రమాణం తెలిసిపోతాయి కనుక, మునుపెన్నడూ వినని పాటనైనా వాద్యబృందం కాగితం చూసి వాయించగలదు. ఇళయరాజా వాద్యకారులకు ఈ లిపిలోనే రాసిస్తారు. స్వరలిపికి ఆ సౌలభ్యం లేదు. అక్షరం మీది చుక్క తారస్థాయిని (పై స్థాయిని), కామా ఒక అక్షరకాలాన్ని, సెమికోలన్ రెండు అక్షరకాలాలను సూచిస్తాయి గానీ, రాగం పేరు తెలియనిదే ‘గ’ ఏ రకం గాంధారమో తేలదు.

అసలు చిక్కు గమకంలో, అంటే స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికించడంలో ఉంది. తోడి రాగంలోని గాంధారాన్ని ఒక్క ‘గ’గా రాస్తాం; పాడేటప్పుడు అది రిషభమధ్యమాల (రి, మల) నడుమ ఊగుతుంది, కదలకుండా నిలిపితే తోడి అనిపించదు. స్టాఫ్‌లో దాన్ని ఒక్క గుర్తుగా వేస్తే తప్పవుతుంది, ప్రతి ఊపునూ వేస్తే కాగితం నిండుతుందే తప్ప రాగం రాదు. 1893లో మద్రాసులో చిన్నస్వామి మొదలియారు మన కృతులను ఆ గీతల మీద అచ్చువేశారు. 1904లో ఎట్టయపురం నుంచి ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని తెలుగు లిపిలో వెలువరించిన సుబ్బరామ దీక్షితులు మాత్రం స్వరాక్షరాలనే ఉంచి, కంపితమనే ఊపుకు అలలాంటి గీత, స్వరం నుంచి స్వరానికి జారే జారుకు ఏటవాలు గీత వంటి గుర్తులు చేర్చారు. ఇప్పుడు దొరికే పాఠ్యపుస్తకాలు చాలావాటిలో ఆ గుర్తులు కనబడవు, అది మన నష్టమే.

అందుచేత కర్ణాటక సంగీతం నేర్చేవారికి స్వరలిపే మేలని నా అభిప్రాయం. రాయకుండా వదిలిన గమకాన్ని ఎలాగూ గురువు నోట వినే పట్టుకోవాలి. కీబోర్డుకూ బృందవాదనకూ స్టాఫ్ నొటేషన్ తప్పదు. అయితే ఈ ఊళ్లో ఇంకొక సంగతి చూసుకోవాలి. త్యాగరాజ కృతుల సాహిత్యం తమిళ లిపిలో అచ్చయినప్పుడు ప, ఫ, బ, భలకు ఒకటే అక్షరం కావడంతో పక్కన చిన్న అంకె వేసి తేడా చూపుతారు. మన పిల్లలకు ఆ అంకెల లెక్క అక్కర్లేదు. సంగీత పాఠాల్లో వర్ణాలనే రచనలకు వచ్చేలోగా తెలుగు చదవడం నేర్పి, తెలుగు లిపిలోని పుస్తకమే కొనివ్వవచ్చు.