తిరగబెట్టిన లింఫోమా: మా వాడికి వైద్యం చేసిన వార్డుకి నాలుగు స్టార్లు

హాడ్జ్‌కిన్ లింఫోమా (లింఫ్ గ్రంథుల్లో వచ్చే ఒక రకం క్యాన్సర్) తగ్గిపోయింది అనుకున్న రెండేళ్ళకి మా వాడి మెడ మీద మళ్ళీ గడ్డ తేలింది. పదహారేళ్ళ వాడు, గడ్డం గీసుకుంటూ తనే పట్టుకున్నాడు. పిల్లల క్యాన్సర్ వార్డు చుట్టూ ఏడు నెలలు తిరిగాక రాస్తున్నాను, ఆసుపత్రి పేరు మాత్రం రాయను.

పెట్ స్కాన్‌లో ఆ గడ్డ మెరిసింది కదా, ఇంకా ఆలస్యం దేనికి, కీమో మొదలుపెట్టేయండి అని నేను గొడవపెట్టుకుంటే డాక్టరమ్మ ఒప్పుకోలేదు. ఇన్ఫెక్షన్ అయినా అలాగే మెరుస్తుంది, మళ్ళీ బయాప్సీ చేయాల్సిందే అన్నారు. అప్పుడు మండిపోయింది గానీ ఆవిడదే రైటు. ఏదీ దాచకుండా చెప్పే అలవాటు కూడా ఆవిడకి: హాడ్జ్‌కిన్ తిరగబెట్టినా, అందులోనూ ఏడాది దాటాక వస్తే, చాలామంది పిల్లలు బయటపడతారట. బర్కిట్ అనే ఇంకో రకం లింఫోమా తిరగబెడితే మాత్రం చాలా కష్టం. అనాప్లాస్టిక్ అనే మరో రకంలో కొందరికి వారానికోసారి విన్‌బ్లాస్టిన్ అనే కీమో మందు ఒక్కటే ఇచ్చినా లొంగుతుందట. రోగం పేరు ఒకటే అనుకుని పక్క బెడ్ వాళ్ళతో పోల్చుకుని ఏడవద్దమ్మా అన్నారు, నేను చేస్తున్నది సరిగ్గా అదే.

బ్రెంటుక్సిమాబ్ అనే మందుతో కలిపి కీమో ఇచ్చారు, స్కాన్ క్లియర్ అయింది, వాడి స్టెమ్ సెల్స్‌నే (రక్తాన్ని తయారుచేసే మూలకణాలు) తీసి గడ్డకట్టించి దాచారు. ఆపైన అసలు పెద్ద కీమో. అందులో మెల్ఫలాన్ అనే మందు ఎక్కుతున్నంతసేపూ నర్సు పక్కన కూర్చుని ఐసు ముక్కలు నోట్లో పెడుతూనే ఉంది, నోరు పుండ్లు పడకుండా. దాచిన సెల్స్ ఎక్కించిన రోజు గదంతా వెల్లుల్లి వాసన, అది వాటిని పాడవకుండా ఉంచే మందు వాసనట. రక్తకణాల కౌంట్స్ మళ్ళీ లేచేదాకా పన్నెండు రోజులు, ఆ టెన్షన్ గురించి రాయలేను.

ఐదో స్టార్ ఎందుకు తగ్గించానంటే, కీమోకి ముందే వీర్యం భద్రపరచుకోవచ్చన్న మాట ఎవరూ ఎత్తలేదు. ఇంకో పిల్లాడి తల్లి చెబితే, మొదలుపెట్టడానికి సరిగ్గా రెండు రోజుల ముందు పరిగెత్తాం. అడిగితే "ఔను, మేమే చెప్పాల్సింది" అన్నారు, అంతే. పెద్దవుతున్న మగపిల్లాడు దీని గురించి తనంతట తాను నోరు తెరుస్తాడా?

ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాడు. ఆ పెద్ద కీమోతో పాత టీకాల రక్షణ పోతుంది కాబట్టి చిన్నప్పటి టీకాలన్నీ మళ్ళీ మొదటినుంచీ వేయాలన్నారని వాడికి ఒళ్ళుమంట.