కోటలో కొలువుదీరిన నిలువెత్తు చిత్రాలు

చెన్నైలో మేము ఎగ్మోరు స్టేషను దగ్గరి ఒక లాడ్జిలో దిగాము. గది శుభ్రంగానే ఉన్నది గానీ, ఉదయం ఎనిమిది దాటితే వేడినీళ్లు రావన్న సంగతి తాళం చేతికిచ్చేటప్పుడు ఎవరూ చెప్పలేదు. అక్కడినుంచి లోకల్ రైలెక్కి ఫోర్టు స్టేషనులో దిగితే సెయింట్ జార్జి కోట నడక దూరమే. సచివాలయం, శాసనసభ ఆ ఆవరణలోనే ఉన్నందున సంచులు సోదా చేస్తారు. గుర్తింపు కార్డు వెంట ఉంచుకోవడం మంచిది. కోటలోని మ్యూజియానికి శుక్రవారం సెలవు.

18వ శతాబ్ది చివర కట్టిన ఆ భవనంలో మేడమీది హాలు ఒకప్పుడు వర్తకులు కలుసుకొని బేరాలాడుకొన్న చోటు. ఇప్పుడు అక్కడ గవర్నర్లు, ఇంగ్లండు రాజవంశీకులు, ఆర్కాటు నవాబులు తైలవర్ణ చిత్రాలలో కొలువుదీరి ఉన్నారు. పేరు చదవకముందే మనిషి హోదా తెలిసిపోతుంది. ఎర్రకోటు తొడిగి కత్తిపిడి మీద చేయి వేసినవాడు సేనాని. బల్లమీద కాగితాలు, వెనుక స్తంభం, జారిన పట్టుతెర ఉంటే పాలకుడు. ఆ స్తంభమూ తెరా యూరపు చిత్రకారుల వాడుక సరంజామాయే తప్ప మదరాసులో కూర్చున్న గదిలోనివి కానక్కరలేదు. కరణీకం చేసిన మా తాతగారి ఫోటోలో ముక్కాలిపీట మీది లావుపాటి పుస్తకం కూడా స్టూడియోవారిదేనట!

నన్ను ఎక్కువసేపు నిలబెట్టినవి నవాబుల చిత్రాలు. ముత్యాల పేరును దగ్గరగా చూస్తే ఒక్కొక్క ముత్యమూ బూడిదరంగు మరక, దానిమీద తెల్లని చుక్క. రెండడుగులు వెనక్కు వేస్తే అదే నిగనిగ మెరుస్తుంది. టిల్లీ కెటిల్, జార్జి విల్లిసన్ వంటి బ్రిటిషు చిత్రకారులచేత తన రూపం గీయించుకొన్న నవాబు మహమ్మదలీ వాలాజా, ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులకే తీర్చలేనంత బాకీపడ్డవాడు. అప్పు బొమ్మలో కనిపించదు. బహుశా అప్పులవాళ్లు కూడా చూడాలనే అంత దర్జాగా గీయించుకొని ఉంటాడు.

17వ శతాబ్దిలో కంపెనీకి బట్టలు సమకూర్చిన బేరి తిమ్మన్న, కాశీ వీరన్న వంటి తెలుగు వర్తకుల ముఖాల కోసం హాలంతా రెండుసార్లు తిరిగాను. అంగీ, తలపాగా, చేతిలో లెక్కల కాగితంతో ఒక్కరూ నా కంటపడలేదు.