మందుల హోల్‌సేల్‌కి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొంటున్నారా? ‘డబుల్ లైన్లు తీసేశాం సార్’ అంటే నమ్మేయకండి

మెడికల్ ఏజెన్సీలు నడిపేవాళ్ళు, కొత్తగా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొందామనుకునేవాళ్ళు అడ్వాన్స్ ఇచ్చేముందు ఇది ఒకసారి చదవండి. మా ఏజెన్సీకి మేం కొన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ పేరు రాయడం లేదు. పేరు తెలిస్తే ఆ ఒక్కదాన్ని వదిలేసి అలాంటిదే ఇంకోటి కొంటారు. ఏం పరీక్షించాలో తెలిస్తే ఎవరి దగ్గరైనా పనికొస్తుంది.

డెమో బాగానే ఉంది. బిల్లు చకచకా పడుతుంది, బ్యాచ్ నంబరూ ఎక్స్‌పైరీ దానంతట అదే వస్తాయి. లైసెన్సు డబ్బు, ఏడాది మెయింటెనెన్స్ డబ్బు కలిపి ముందే కట్టించుకున్నారు. 2025 సెప్టెంబర్ 22న మందుల మీద జీఎస్టీ మారేదాకా ఏ ఇబ్బందీ లేదు. ఆ రోజు నుంచి చాలా మందులు 12 శాతం నుంచి 5 శాతానికి, కొన్ని ప్రాణరక్షక మందులు సున్నాకి వచ్చాయి కదా. తర్వాతి నెల జీఎస్టీఆర్-1 (నెల అమ్మకాల రిటర్న్) వేయాలి, 11వ తేదీ గడువు. సేల్స్ రిపోర్టు తీస్తే అమ్మకాలు దాదాపు రెండింతలు చూపిస్తోంది!

లోపలికి వెళ్ళి చూస్తే ప్రతి మందూ రెండేసి లైన్లు. అదే బిల్లు నంబరు, అదే బ్యాచ్, అవే స్ట్రిప్పులు, అదే వెయ్యి రూపాయల విలువ. ఒక్క పన్ను గడిలోనే తేడా: ఒక లైనులో 12, ఇంకో లైనులో 5. అంటే వెయ్యి రూపాయల సరుకు రెండు వేలైంది, యాభై రూపాయల పన్ను నూట డెబ్బై అయింది.

ఫోన్ చేస్తే సపోర్ట్ కుర్రాడు ‘డూప్లికేట్లు వస్తున్నాయి సార్, సాయంత్రానికి తీసేస్తాం’ అన్నాడు. అన్నట్టే ఏదో చేశాడు. లైన్లు మాత్రం అలాగే ఉన్నాయి. వాళ్ళు మార్చిన క్వెరీ (డేటాబేస్ నుంచి రిపోర్టు లాగే ఆదేశం) తెప్పించి, హైదరాబాద్‌లో డేటాబేస్ పని చేసే మా తమ్ముడికి పంపాను. వాడు చూసి, ‘అన్నయ్యా, సెలెక్ట్ పక్కన డిస్టింక్ట్ అని ఒక మాట తగిలించారు, అంతే. అది లైను మొత్తం ఒకటే అయితేనే తీస్తుంది. ఇక్కడ పన్ను గడి వేరు కాబట్టి దాని లెక్కలో రెండూ వేర్వేరు లైన్లే’ అన్నాడు.

ఆ మాట వల్ల ఒరిగింది లేకపోగా ఇంకో నష్టం జరిగింది. షాపువాళ్ళు ఫోన్‌లో ఒక మందు ఐదు స్ట్రిప్పులు చెప్పి, బిల్లు మూసేలోపే మళ్ళీ ఫోన్ చేసి అదే మందు ఇంకో ఐదు వేయమంటారు. మా కౌంటర్‌లో దాన్ని రెండో లైనుగా కొడతారు. రిపోర్టులో లైను నంబరు లేదు కాబట్టి ఆ రెండూ అచ్చంగా ఒకేలా కనిపిస్తాయి. డిస్టింక్ట్ వాటిలో ఒకదాన్ని మింగేసింది. పది అమ్మితే రిపోర్టులో ఒక్కో రేటు కింద ఐదే. పోవాల్సినవి పోలేదు, ఉండాల్సినవి పోయాయి.

వాళ్ళు చేసిన రెండో చికిత్స గ్రూప్ బై, అంటే ఒకే గుర్తున్న లైన్లన్నిటినీ ఒక్క లైనుగా కలపడం. ఇది అన్నిటికంటే ప్రమాదం, ఎందుకంటే పైకి అంతా సరిపోయినట్టే ఉంటుంది. బిల్లు లైను నంబరు మీద గ్రూప్ చేశారు, ఒక్కో మందుకి ఒక్కో లైనే వచ్చింది, మొత్తం అమ్మకాలు కూడా పుస్తకంతో కలిశాయి. మరి ఆ ఒక్క లైనులో 12 ఉంటుందా, 5 ఉంటుందా? ఎవరూ చెప్పలేరు. వాళ్ళు వాడేది మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్. గ్రూప్‌లో లేని గడిని ఊరికే అడిగితే 5.7 వెర్షన్ నుంచి అది మామూలుగా ఒప్పుకోదు, ఎర్రర్ ఇస్తుంది. ఆ కాపలా పేరు ఓన్లీ ఫుల్ గ్రూప్ బై. వీళ్ళు దాన్ని సర్వర్‌లోనే ఆపేశారు. ఆపేస్తే సర్వర్ ఆ రెండు రేట్లలో తనకు తోచింది ఇస్తుంది. అలా సెప్టెంబర్ 22 తర్వాతి బిల్లులకు కొన్నిచోట్ల 12 వచ్చి కూర్చుంది. మా ఆడిటర్ గారు అచ్చు బిల్లులు పక్కన పెట్టుకుని చూడబట్టి దొరికింది.

తర్వాత రో నంబర్ పెట్టి, అంటే లైన్లకు వరస నంబర్లిచ్చి, ప్రతి మందుకీ కొత్త రేటు ఒక్కటే ఉంచారు. దాంతో ఆగస్టు బిల్లులు కూడా 5 శాతానికి మారిపోయాయి. మన వ్యాపారంలో ఎక్స్‌పైరీ సరుకు నెలల తర్వాత వెనక్కి వస్తుంది. 12 శాతం వేసి అమ్మిన సరుక్కి 5 శాతంతో క్రెడిట్ నోట్ ఇస్తే షాపువాడు ఊరుకుంటాడా?

అసలు జరిగింది చాలా చిన్న విషయం. ట్యాక్స్ మాస్టర్‌లో, అంటే ఏ మందుకి ఎంత పన్నో ఉండే పట్టికలో, ఇప్పుడు ఒక్కో మందుకి పాత రేటు, కొత్త రేటు అని రెండు లైన్లున్నాయి, రెండూ నిజమే. బిల్లును మాస్టర్‌తో మందు కోడ్ మీద మాత్రమే జాయిన్ చేశారు (జత కలిపారు), తేదీని వదిలేశారు. బిల్లు తేదీ ఏ రేటు అమల్లో ఉన్న రోజుల్లో పడుతుందో ఆ లైనే రావాలన్న షరతు జాయిన్‌లోనే ఉంటే, తీసేయడానికి అసలు ఏమీ మిగలదు. చివరికి ఆ షరతు పెట్టారు, అదీ సగమే. కొత్త రేటుకి ముగింపు తేదీ ఖాళీ. ఖాళీతో పోలిస్తే జవాబు ‘అవును’ రాదు, కాబట్టి సెప్టెంబర్ 22 నుంచి అమ్మినదంతా రిపోర్టులోంచి మాయం! ముగింపు ఖాళీగా ఉంటే ఇంకా అమల్లో ఉన్నట్టని విడిగా రాయాలి.

నన్నడిగితే ఇంత గొడవే అక్కర్లేదు. బిల్లు కొట్టిన రోజు ఏ రేటు వేశారో అది బిల్లు లైనులోనే దాచాలి. అచ్చయిన బిల్లు రేటు కోసం మళ్ళీ మాస్టర్ దగ్గరికి వెళ్ళే సాఫ్ట్‌వేర్‌ని నేనైతే ఊరికే ఇచ్చినా తీసుకోను.

డెమోలో వాళ్ళు చూపించింది చూసి లేవకండి. కీబోర్డు మీరు తీసుకోండి. ఒక బిల్లులో ఒకే మందు, ఒకే బ్యాచ్ రెండుసార్లు కొట్టండి. ఆ మందు పన్ను రేటు రేపటి నుంచి మారుతుందని మాస్టర్‌లో పెట్టించి, రేపటి తేదీతో ఇంకో బిల్లు వేయండి. మొదటి బిల్లు సరుకు కొంత వాపసు తీసుకోండి. ఒక బిల్లుకి రెండు విడతలుగా డబ్బు జమ చేసి చూడండి, ఎందుకంటే మూడు మందుల బిల్లుని రెండు రసీదులతో అజాగ్రత్తగా జాయిన్ చేస్తే ఆరు లైన్లవుతాయి. ఇవన్నీ అయ్యాక రిపోర్టు తీసి, లైన్ల లెక్క, మొత్తం, పన్ను మూడూ చేతిలో ఉన్న బిల్లులతో పోల్చండి. తేడా వస్తే ‘ఎలా తీసేస్తారు’ అని కాదు, ‘ఎందుకొచ్చింది’ అని అడగండి. జవాబు ‘డిస్టింక్ట్ పెడతాం సార్’ అయితే కాఫీ తాగి వచ్చేయండి.

మా డబ్బు వెనక్కి రాలేదు. లైసెన్సు అమ్మాక వాపసు లేదని కాగితం మీద చిన్న అక్షరాల్లో ఉందట. మీరు సంతకం పెట్టే కాగితంలో మాత్రం, రిపోర్టు మొత్తం బిల్లుల మొత్తంతో కలవకపోతే మెయింటెనెన్స్ డబ్బు ఆపే హక్కు మీకుంటుందని, మీ డేటా మొత్తం ఎప్పుడడిగితే అప్పుడు ఎక్సెల్‌లో ఇవ్వాలని రాయించుకోండి. మా డేటా ఇంకా వాళ్ళ దగ్గరే ఉంది, దానికి వేరే ఛార్జీ అడుగుతున్నారు.