ఆయిల్ నుంచి యాక్రిలిక్‌కి: తొమ్మిదేళ్లు వాడాక

మాది రాజమండ్రి. దామెర్ల రామారావు (1897–1925) చిత్రశాలలో నీటిరంగుల బొమ్మలు, తైలవర్ణ చిత్రాలు చూస్తూ పెరిగాను. కాలేజీ రోజుల్లో నీటిరంగులు వేశాను, తర్వాత పన్నెండేళ్లు ఆయిల్. 2016లో నీళ్లతో కలుపుకునే, త్వరగా ఆరే యాక్రిలిక్‌కి మారాను. దీని వెనక గొప్ప కళాకారణమేమీ లేదు. రెండు గదుల ఇల్లు, పసిపాపకి ఆయాసం, ఇల్లంతా ఆయిల్ రంగుని పలచన చేసే టర్పెంటైన్ వాసన. మా ఆవిడ ఒక్క మాటా అనకుండా సీసా తీసుకెళ్లి బాల్కనీలో పెట్టింది.

మొదటి ఏడాది చుక్కలు కనిపించాయి. బుగ్గ మీద వెలుగుని నీడలోకి కలపడానికి ఆయిల్‌లో ఒక రోజంతా తీరిక ఉంటుంది. యాక్రిలిక్‌లో, అదీ మే నెలలో ఫ్యాన్ కింద, ఐదు నిమిషాలే. పైగా ఆరాక రంగు కాస్త ముదురుతుంది. అందులోని జిగురు తడిగా ఉన్నప్పుడు పాలలా తెల్లగా ఉండి, ఆరాక పారదర్శకంగా మారుతుంది కదా, అందుకు. నిన్నటి ముఖం రంగు ఈ రోజు మళ్లీ కలపాలంటే టెన్షనే. ఇప్పుడు ముందు కాగితం ముక్క మీద పూసి, ఆరబెట్టి చూసుకుంటాను. ప్యాలెట్‌కి టిఫిన్ డబ్బా వాడతాను: అడుగున తడిగుడ్డ, పైన బటర్ పేపర్. మూత పెడితే మర్నాటికీ రంగు మెత్తగానే ఉంటుంది. ఆరడాన్ని ఆలస్యం చేసే రిటార్డర్ కూడా వాడి చూశాను. ఎక్కువైతే పైపొర బంకగా ఉండిపోతోందని మానేశాను.

నచ్చినది పొరల పని. నీటిరంగుల్లో తడి బ్రష్ తగిలితే కింది పూత లేచొచ్చేది. ఇందులో ఆరిన పొర కదలదు, ఒక్క పూటలో ఆరేడు పలచటి పూతలు వేయొచ్చు. దాంతో నా బొమ్మే మారిపోయింది. మెత్తటి ముఖాలు తగ్గి ఇసుక తిన్నెలు, పాత గోడలు, పదునైన అంచులు వచ్చాయి. నేను కోరుకున్న మార్పో, రంగు నాచేత చేయించిందో నాకిప్పటికీ తెలీదు.

బ్రష్షుల సంగతి అడక్కండి. కడగకుండా ఫోన్ ఎత్తామా, పుల్ల మిగులుతుంది. ఒక వేసవిలో రెండు కాన్వాసులు ఎదురెదురుగా ఆనించి పెడితే, వేడికి పొర మెత్తబడి అతుక్కుపోయాయి. విడదీసేసరికి నా గోదావరి సగం పక్క బొమ్మలోకి వెళ్లింది. అప్పట్నుంచి ఏ రెండు బొమ్మలూ తగలకుండా నిలబెడుతున్నాను. ఇంకోటి, ట్యూబు మీద ‘హ్యూ’ అని ఉంటే రంగునిచ్చే అసలు పొడి, అంటే పిగ్మెంట్‌కి బదులు వేరేది కలిపారని అర్థం. పేరు కాదు, పిగ్మెంట్ నంబరు చూసి కొనండి. అల్ట్రామెరైన్ నీలం అయితే పీబీ 29.

రెండేళ్లుగా కింది పొరలు యాక్రిలిక్‌తో వేసి, ముఖాలకి మాత్రం ఆయిల్ పట్టుకుంటున్నాను, టర్పెంటైన్ లేకుండా, అవిసె నూనెతోనే. ఈ వరస తిరగేయకండి, ఆయిల్ మీద యాక్రిలిక్ సరిగా పట్టుకోదు, పెచ్చులూడుతుంది. ముఖాలే మీ పని అయితే ఆయిల్ పూర్తిగా వదిలేయమని నేను చెప్పను. గాలాడని గదిలో, పిల్లల మధ్య వేసుకునేవాళ్లు మాత్రం యాక్రిలిక్ తెచ్చుకోండి, మొదటి ఏడాది వేసినవి ఎవరికీ చూపించకండి.