ఓరుగల్లు వ్యాన్ ప్యాకేజీ బుక్ చేసేవాళ్ళు ఇది చదివి డబ్బులు కట్టండి

నిన్న రాత్రి పదకొండు దాటాక ఇల్లు చేరాం. ఒళ్ళు ఇంకా మండుతూనే ఉంది. అయినా ఇప్పుడే రాస్తున్నాను, ఎందుకంటే వచ్చే ఆదివారానికి వాళ్ళు అప్పుడే బుకింగ్‌లు మొదలుపెట్టారు. కరీంనగర్ నుంచి వారం వారం వ్యాన్ పెట్టి ఓరుగల్లు చుట్టుపక్కల గుళ్ళు, కోటలు, అమరవీరుల స్మారకాలు చూపిస్తామని వాట్సాప్‌లో తిప్పేవాళ్ళ గురించే ఇదంతా. మీలో చాలామందికి ఆ మెసేజ్ వచ్చే ఉంటుంది, రామప్ప ఫొటో మీద పసుపు అక్షరాలతో.

పెద్దవాళ్ళకు 1,650, పిల్లలకు 1,100. నేను, అమ్మ, బాపు, నా ఇద్దరు పిల్లలు. మొత్తం 7,150 ముందే ఫోన్‌పే చేయించుకున్నారు. మా ఆయనకు డ్యూటీ ఉండి రాలేదు. మెసేజ్‌లో రాసిన రూటు ఇది: వేయి స్తంభాల గుడి, వరంగల్ కోట, రామప్ప, గణపురం కోటగుళ్ళు, చివరగా పరకాల అమరధామం, అటు నుంచి అటే జమ్మికుంట మీదుగా కరీంనగర్. ఆ చివరి పేరు కోసమే మేం ఈ ప్యాకేజీ తీసుకున్నాం. రామప్పకు మేం ఎలాగైనా వెళ్ళగలం. బాపుకి మోకాళ్ళ నొప్పులు, బస్సులు మారలేడు, పరకాల ఎప్పటి నుంచో అనుకుంటూ ఉండిపోయింది. బుక్ చేసేటప్పుడు ఫోన్లో రెండుసార్లు అడిగాను, "పరకాల తప్పకుండా ఉంటుంది కదా" అని. "పక్కా మేడమ్" అన్నారు.

పొద్దున వ్యాన్ ఎక్కగానే ఎంట్రీ టికెట్లకని మనిషికి 150 అడిగారు. పిల్లలకు కూడా. ఇది గుర్తుపెట్టుకోండి: కేంద్ర పురావస్తు శాఖ కట్టడాల్లో 15 ఏళ్ళ లోపు పిల్లలకు టికెట్టే ఉండదు. నా పిల్లల వయసు తొమ్మిది, పన్నెండు. ఆ మాట చెబితే "అందరి దగ్గరా తీసుకుంటున్నాం మేడమ్, మీకొక్కరికే రూల్ మారుస్తామా" అన్నాడు గైడ్. వేయి స్తంభాల గుడి దగ్గర మమ్మల్ని ఏ టికెట్టూ అడిగినవాళ్ళు లేరు. మా దగ్గర తీసుకున్న 750లో ఎంత టికెట్లకు పోయింది, ఎంత జేబులోకి పోయింది, సాయంత్రం దాకా అడిగినా రసీదు చూపించలేదు.

వేయి స్తంభాల గుడి గురించి పెద్దగా చెప్పేదేం లేదు, ఆదివారం రద్దీ, తోపులాట. 1163లో రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం, శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ గర్భగుడులు. ఆ ముక్క కూడా పిల్లలకు బాపే చెప్పాడు. గైడ్ ఫోన్ మాట్లాడుకుంటూ నంది దగ్గర నిలబడ్డాడు.

కోటలో ఇంకా ఘోరం. కీర్తి తోరణాలు నాలుగు దిక్కులా నిలబడి ఉంటాయి, మధ్యలో స్వయంభూ శివాలయం శిథిలాలు. మన రాష్ట్ర చిహ్నంలో చార్మినార్‌తో పాటు ఉన్నది ఈ తోరణమేనని ఆ గైడ్ ఒక్క మాట చెప్పలేదు. 1323లో ఢిల్లీ సైన్యం చేతిలో ఈ కోట పడిపోయింది, ఆ గుడి ఎందుకు ముక్కలై ఉందో ఆ ఒక్క సంవత్సరం చెబితే పిల్లలకు అర్థమవుతుంది. అదీ లేదు. ఖుష్ మహల్ చూపించి రుద్రమదేవి దర్బారు అన్నాడు. లోపలికి వెళ్ళి తలెత్తి చూస్తే చాలు, ఆ పెద్ద పెద్ద కమానులే చెబుతాయి, అది కాకతీయుల తర్వాత వచ్చిన కట్టడమని. బాపు ముప్పై ఏళ్ళు తెలుగు పాఠం చెప్పిన మనిషి. మెల్లగా "అది కాకతీయులది కాదు బాబూ" అన్నాడు. "మేం రోజూ చెప్పేది ఇదే సార్" అని నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. రోజూ ఎంతమందికి తప్పు చెబుతున్నాడో!

రామప్పలో ఇచ్చింది అరగంట కూడా లేదు. అది చాలా బాధ. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చిన గుడి, ప్రపంచం నలుమూలల నుంచి వచ్చి చూస్తున్నారు, మనం పక్క జిల్లా నుంచి వెళ్ళి సెల్ఫీ దిగి రావాలా? గుడి అంతా ఎర్రటి ఇసుకరాయి. చూరు కింద మాత్రం నల్లరాతి మదనికలు, అంటే ఆడవాళ్ళ శిల్పాలు, ఏటవాలుగా నిలబడి ఉంటాయి. అద్దంలా నునుపు. నా చిన్నది నాగిని శిల్పం కింద నిలబడి, ఒంటి మీద పాకిన పామును వేలితో గాలిలో గీస్తూ తల నుంచి తోక దాకా వెతుకుతోంది. ఇంకొక మదనిక కాళ్ళకు ఎత్తు చెప్పులున్నాయని పెద్దాడు కనిపెట్టాడు, "తాతా, హీల్స్!" అని అరిచాడు. అప్పుడే విజిల్ వేశాడు గైడ్. గుడిలో విజిల్!

బాపు అప్పుడు శాసనం దగ్గర ఉన్నాడు. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో వేయించిన శాసనం అది, గుడి ఎప్పటిదో మనకు తెలిసింది దాని వల్లే. నల్లరాతి మీద అక్షరాలు వరుస తప్పకుండా ఉంటాయి. కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చదవబోతున్నాడు. రెండో వరసకు కూడా వచ్చి ఉండడు, విజిల్ విని అమ్మ చెయ్యి పట్టుకుని వ్యాన్ వైపు నడిచాడు. ఇసుక పెట్టెల పునాది గురించి, నీళ్ళలో తేలే ఇటుకలతో కట్టిన శిఖరం గురించి పిల్లలకు చెబుతానని ఇంటి దగ్గర నుంచి అనుకుంటూ వచ్చాడు. అవన్నీ వ్యాన్‌లో చెప్పాల్సి వచ్చింది.

ఇక్కడి దాకా నేను సర్దుకున్నాను. అసలు సంగతి ఆ తర్వాతే.

రామప్ప గుడి ఉన్న పాలంపేట నుంచి వ్యాన్ గణపురం వైపు తిరగలేదు. ములుగు దారి పట్టింది. బాపు కిటికీలోంచి చూసి నాతో అన్నాడు, "బిడ్డా, ఇది పరకాల తొవ్వ కాదు." నేను వెళ్ళి గైడ్‌ని అడిగాను. "టైమ్ లేదు మేడమ్, కోటగుళ్ళు క్యాన్సిల్, పరకాల కూడా క్యాన్సిల్. వరంగల్‌లో షాపింగ్ ఉంది" అన్నాడు. షాపింగ్ అన్న మాట రూటు మెసేజ్‌లో ఎక్కడా లేదు. పైగా పరకాల మీదుగా వెళ్తే మాకు ఇంటి దారే. వెనక్కి వరంగల్ వెళ్ళడమే చుట్టు.

బాపు లేచి సీటు పట్టుకుని నిలబడి, "బాబూ, మేం పరకాల కోసమే వచ్చినం" అన్నాడు. ఆ గైడ్ వెనక్కి కూడా తిరగకుండా అన్నాడు: "అక్కడ ఏముంది పెద్దమనిషీ? నాలుగు బొమ్మలు. నీ ఒక్కని కోసం బండి తిప్పాల్నా?"

నీ ఒక్కని కోసం. డెబ్బై ఏళ్ళ మనిషిని. మనవల ముందు.

బాపు కోపం చేసుకోలేదు. "ఏముందో చెప్తా విను" అని మొదలుపెట్టాడు. 1947 సెప్టెంబర్ 2. దేశానికి స్వాతంత్య్రం వచ్చి మూడు వారాలు కాలేదు, ఇక్కడ ఇంకా నిజాం రాజ్యం. చుట్టుపక్కల ఊర్ల జనం మూడు రంగుల జెండా పట్టుకుని పరకాలకు వచ్చారు. జెండా ఎగరేయడానికి వచ్చిన ఆ జనం మీద కాల్పులు జరిపారు. మా తాత ఆ గుంపులో ఉన్నాడు, అప్పటికి పదహారేళ్ళ పిల్లగాడు. తాత తిరిగొచ్చాడు, ఆయనతో కలిసి బయలుదేరిన పక్కింటాయన తిరిగిరాలేదు. ఆ రోజు చనిపోయిన వాళ్ళ కోసమే అమరధామం కట్టారు. ఆ కాల్పుల దృశ్యాన్నే అక్కడ విగ్రహాలుగా నిలబెట్టారు. వాడు నాలుగు బొమ్మలన్నది వాటినే.

బాపు ఇది చెబుతుంటే వ్యాన్‌లో నలుగురైదుగురు ఇటు తిరిగి వింటున్నారు. జెండా దాకా వచ్చాడో లేదో, గైడ్ చెయ్యి చాచి పాటల సౌండ్ పెంచాడు. కావాలనే పెంచాడు, నేను కళ్ళారా చూశాను. బాపు పెదాలు కదులుతున్నాయి, మాట వినబడటం లేదు. కాసేపటికి కూర్చున్నాడు. నేను వెళ్ళి ఆ సౌండ్ నేనే తగ్గించాను. గైడ్ మళ్ళీ పెంచాడు. వెనక సీట్లోని ఒక పెద్దమ్మ "ఆయన చెప్పేది విననియ్యి రా" అని గట్టిగా అంటే అప్పుడు ఆపాడు. అప్పటికి బాపు ఇక మాట్లాడనన్నట్టు చెయ్యి ఊపాడు.

డబ్బులు పోతే పోయాయి, సంపాదించుకుంటాం. ఈ పని చేసినందుకు మాత్రం నేను వాళ్ళను వదలను.

షాపులో గంటకు పైగా కూర్చోబెట్టారు. వరంగల్ తివాచీలని బోర్డు. కొత్తవాడ నేతగాళ్ళ పనంటే నాకు ఎంతో గౌరవం, వరంగల్ తివాచీకి జీఐ (భౌగోళిక) గుర్తింపు తెచ్చింది వాళ్ళ చేతులే. అక్కడ సగానికి పైగా ఉన్నది మగ్గం ముఖం చూడని పాలిస్టర్ సరుకు. కొన్నవాళ్ళ పేర్లు గైడ్ చీటీ మీద రాసుకుంటున్నాడు. కమీషన్ ఎవరికి పోతుందో చెప్పక్కర్లేదు. ఆ గంట చాలు, పరకాలలో ఆగి రావడానికి.

రాత్రి దిగేటప్పుడు డబ్బు సంగతి అడిగితే ఓనర్‌తో మాట్లాడమన్నారు. ఓనర్‌కి ఫోన్ చేస్తే "సమయాన్ని బట్టి మార్పులుంటాయని మెసేజ్‌లో రాశాం" అన్నాడు. నేను మెసేజ్ మొత్తం చదివి వినిపించాను, ఆ వాక్యం ఎక్కడా లేదు. ఫోన్ పెట్టేశాడు. పది నిమిషాల్లో నన్ను గ్రూపులోంచి తీసేశారు. తీసేసినా పాత మెసేజ్‌లు నా ఫోన్లో అలాగే ఉన్నాయి, రూటుతో సహా. అన్నీ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టాను. పొద్దున్నే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను, ఫోన్‌పే వివరాలతో సహా. నిన్నటి వ్యాన్‌లో ఉన్న మరో రెండు కుటుంబాలు కూడా ఇస్తామన్నాయి.

ఇలాంటి ట్రిప్ ఎవరితో వెళ్ళినా సగం డబ్బే ముందు కట్టండి, మిగతాది చివరి చోటు చూశాకే. ఎక్కడ ఎంతసేపు ఆపుతారో, షాపులు ఉన్నాయో లేవో మెసేజ్‌లో రాయించుకోండి, నోటి మాట వద్దు. టికెట్ల డబ్బు విడిగా అడిగితే ఇవ్వకండి, కౌంటర్ దగ్గర మీరే కొనుక్కోండి. ముగ్గురు నలుగురు కలిస్తే హనుమకొండ నుంచి సొంతంగా కారు మాట్లాడుకోవడమే మేలు, రామప్పలో మీకు కావలసినంతసేపు ఉండొచ్చు. ములుగు వైపు ఆర్టీసీ బస్సులూ ఉన్నాయి.

పరకాలకు వచ్చే ఆదివారం మేమే కారు మాట్లాడుకున్నాం. బాపుతో పాటు ఆ పెద్దమ్మ కూడా వస్తానంది, వాళ్ళదీ అటు పక్క ఊరేనట. కారులో ఇంకా రెండు సీట్లు ఉన్నాయి, కరీంనగర్ నుంచి వచ్చేవాళ్ళుంటే చెప్పండి.