వింబుల్డన్ టికెట్: బ్యాలెట్‌లో ఒకసారి, క్యూలో ఆరుసార్లు

2016 నుంచి 2024 దాకా ఏడుసార్లు లండన్‌లో వింబుల్డన్ టెన్నిస్ చూశాను. మధ్యలో 2020లో టోర్నీ రద్దయింది, 2021లో క్యూ (వరసలో నిలబడి ఆ రోజు టికెట్ కొనే పద్ధతి) పెట్టలేదు, లేకపోతే ఇంకో రెండు కలిసేవి. ఏటా బ్యాలెట్‌కి దరఖాస్తు చేస్తూనే ఉన్నా, తగిలింది మాత్రం ఒక్కసారి.

బ్యాలెట్ అంటే లాటరీయే. మొదట్లో ఫారం నింపి పోస్టులో పంపేవాణ్ణి, ఇప్పుడు అంతా ఆన్‌లైన్. తగిలినా రోజు, కోర్టు మనం ఎంచుకోలేం, వాళ్లు ఇచ్చిందే తీసుకోవాలి. అప్లై చేయడానికి పోయేదేమీ లేదు కాబట్టి చేసి మరిచిపోవడం మేలు. దాన్ని నమ్ముకుని సెలవులు పెట్టుకోవద్దు.

నా ఓటు క్యూకే. సౌత్‌ఫీల్డ్స్ స్టేషన్‌లో దిగి పావుగంట నడిస్తే వింబుల్డన్ పార్క్. వరసలో చేరగానే నంబరున్న క్యూ కార్డు ఇస్తారు. దాన్ని పారేసుకున్నారా, రాత్రంతా పడుకున్నది వృథా. ప్రధానమైన సెంటర్ కోర్ట్, నెంబర్ వన్, నెంబర్ టూ కోర్టులకు రోజుకి దాదాపు 500 చొప్పున టికెట్లు క్యూలో ఉన్నవాళ్లకే ఉంచుతారు. చివరి నాలుగు రోజులు మాత్రం సెంటర్ కోర్ట్‌వి ఇవ్వరు. ఈ మూడింట్లో ఏది కావాలన్నా ముందురోజే టెంట్ వేయాలి. ఇద్దరు పట్టే చిన్న టెంట్‌కే అనుమతి.

ఒకసారి నా నంబర్ 874. జులై నెలే అయినా తెల్లవారుజామున గడ్డి మంచుతో తడిసిపోయి, బూట్లలోకి నీళ్లు దిగాయి. క్యూ చూసుకునే స్టీవార్డు టెంట్ మీద తడుతూ, ఎంతో మర్యాదగా, లేవమంటాడు. ఇంత మర్యాదగా నిద్ర చెడగొట్టినవాళ్లని నేను వేరెక్కడా చూడలేదు. టెంట్ మడిచి లగేజీ కౌంటర్‌లో ఇచ్చేసి మళ్లీ వరసలోకి. ఏ కోర్టు టికెట్టో తెలిపే రిస్ట్ బ్యాండ్లు అందరికీ కడుతూ వచ్చేవాళ్లు నా దగ్గరికి చేరేసరికి సెంటర్ కోర్ట్‌వి అయిపోయాయి, నెంబర్ వన్ దక్కింది. డబ్బు లోపలికి వెళ్లేటప్పుడు గేటు దగ్గర కట్టాలి, అదీ కార్డుతోనే. మనిషికి ఒక్క టికెట్టే, నిద్ర లేవని ఫ్రెండ్ కోసం కొనడం కుదరదు.

అంత ఓపిక లేకపోతే పొద్దున్నే వెళ్లి గ్రౌండ్ పాస్ (పెద్ద కోర్టులు కాకుండా మిగతావి చూసే టికెట్) తీసుకోండి. 2024లో మామూలు రేటు 30 పౌండ్లు. మొదటి వారంలో చిన్న కోర్టుల్లోనే మంచి మ్యాచ్‌లుంటాయి, ఆటగాడి ఊపిరి వినిపించేంత దగ్గరగా కూర్చోవచ్చు.

2018లో ఒక తప్పు చేశాను. క్యూలో నిలబడటం ఎందుకని ఒక మధ్యవర్తి సైట్‌లో టికెట్ కొన్నాను. గేటు దగ్గర అది చెల్లదన్నారు. అక్కడ వేరేవాళ్లకి చట్టబద్ధంగా అమ్ముకోదగినవి డిబెంచర్ టికెట్లే (ముందే క్లబ్బుకి పెద్దమొత్తం కట్టినవాళ్లకి వచ్చేవి), నాది అది కాదు. సైట్ వాళ్లు ఫోనెత్తలేదు. ఆ డబ్బు ఇవాళ్టికీ రాలేదు. కోపంతోనే వెళ్లి క్యూ చివర నిలబడి, సాయంత్రానికి లోపలికి వెళ్లాను.

చాలామందికి తెలియనిది రీసేల్. త్వరగా ఇంటికెళ్లేవాళ్లు వదిలేసిన పెద్ద కోర్టుల సీట్లు మధ్యాహ్నం తర్వాత, అప్పటికే లోపలున్నవాళ్లకి మళ్లీ అమ్ముతారు. ఆ డబ్బు సేవా కార్యక్రమాలకి వెళ్తుంది. యాప్‌లో వరసలో చేరితే మన వంతు రాగానే మెసేజ్ వస్తుంది, లోపలే ఉన్న హెన్మన్ హిల్ అనే గుట్ట పైన ఉన్న కౌంటర్‌కి వెళ్లాలి. నేను చివరిసారి సెంటర్ కోర్ట్ సీటుకి కట్టింది 15 పౌండ్లు. గ్రౌండ్ పాస్‌తో లోపలికొచ్చినవాడు పైకప్పు మూసిన సెంటర్ కోర్ట్‌లో లైట్ల కింద మ్యాచ్ చూడటమంటే మాటలా! రాత్రి 11 తర్వాత ఆడకూడదన్న నిబంధన వల్ల ఆ మ్యాచ్ మధ్యలోనే ఆగింది. మిగతాది చూడాలంటే మర్నాడు మళ్లీ క్యూ కట్టాలి. ఆఫీసుంది, వెళ్లలేదు.